యూరిక్ యాసిడ్ మీటర్, ఆరు నెలలు వాడాక

నాన్నకి గౌట్ అండి (రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్ళు వాచే జబ్బు), కాలి బొటనవేలు వాచిపోయి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవారు, అందుకే షుగర్ మీటర్ లాగే వేలి రక్తపు చుక్కతో చూసే యూరిక్ యాసిడ్ మీటర్ కొన్నాం. స్ట్రిప్ మీద ఎలక్ట్రోడ్ (కరెంట్ అందుకునే చిన్న పట్టీ) దగ్గర యూరిక్ యాసిడ్ ఆక్సిడైజ్ అయ్యి, అంటే ఎలక్ట్రాన్లు వదిలి, చిన్న కరెంట్ వస్తుంది, దాన్ని కొలిచి నంబర్ చూపిస్తుంది. అదే రోజు ల్యాబ్‌లో 7.4 mg/dL, ఇందులో 7.9, ఆ మాత్రం తేడా పర్లేదు.

కానీ విటమిన్ సి టాబ్లెట్ వేసుకున్న రోజు చూడకండి, అది కూడా దాదాపు అదే వోల్టేజ్ దగ్గర ఆక్సిడైజ్ అవుతుంది కాబట్టి మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ మీద రెండు సిగ్నల్సూ కలిసిపోయే ఛాన్స్ ఉంది. గ్రాఫీన్ (చాలా పల్చటి కార్బన్ పొర), బంగారు నానో కణాలు పూస్తే రెండూ విడివిడిగా కనిపిస్తాయని ల్యాబుల్లో ఎప్పుడో చూపించారు, మరి మా స్ట్రిప్ డబ్బా మీద ఎలక్ట్రోడ్ దేనితో చేశారో ఒక్క ముక్క లేదు, నాకు నచ్చనిది అదే.

స్ట్రిప్స్ ఖరీదే, డబ్బా మూత వదులుగా పెడితే తేమకి పాడైపోతాయి కూడా. అయినా డాక్టర్ గారు 6 లోపు ఉండాలన్నారు, మందు మొదలయ్యాక 7.9 నుంచి 5.8కి దిగడం నాన్న తన కళ్ళతో చూశారు, అప్పట్నుంచి మందు ఒక్క పూట కూడా మానలేదు. నాలుగు స్టార్లు.