బేస్‌బాల్ యాప్ సమీక్ష: ‘పించ్ హిట్టర్’ దగ్గర చతికిలబడిన పదకోశం

ఈ సీజన్‌కు నేను చందా కట్టిన బేస్‌బాల్ ప్రత్యక్ష ప్రసార యాప్‌లో బొమ్మకూ మాటకూ వంక పెట్టడానికి లేదు. నా ఫిర్యాదంతా అందులోని పదకోశం మీదనే. స్కోరు పట్టికలో బ్యాటరు పేరు పక్కన కనబడే ‘పీహెచ్’ మీద వేలు పెడితే, ‘పించ్ హిట్టర్: మరొకరికి బదులుగా బ్యాటింగ్‌కు వచ్చే ఆటగాడు’ అని ఒక్క వాక్యం తెరుచుకుంటుంది. అది తప్పు కాదు గాని, క్రికెట్ చూస్తూ పెరిగిన వారికి ఏమాత్రం చాలదు.

1992 క్రికెట్ ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ ఓపెనర్ గ్రేట్‌బ్యాచ్, 1996లో శ్రీలంక ఓపెనర్ జయసూర్య మనకు ఈ మాటను అలవాటు చేశారు. వారు బదులు ఆటగాళ్లు కారు. తొలి 15 ఓవర్లలో బంతిని బాదడానికి ముందుగా దిగిన, జట్టులోని వారే. బేస్‌బాల్‌లో పించ్ హిట్టర్ బెంచీ మీద నుంచి లేచి వస్తాడు, అతనికి చోటిచ్చినవాడు ఆ మ్యాచ్‌లో మళ్లీ ఆడకూడదు. ఐపీఎల్‌లో 2023 నుంచి ఉన్న ఇంపాక్ట్ ప్లేయర్ పద్ధతి దీనికి దగ్గరి పోలిక.

మాట పుట్టుక గురించి పదకోశంలో ఒక్క ముక్క కూడా లేదు. పించ్ అంటే గిల్లడమనే బడిలో నేర్చుకున్నాం; ఇక్కడ దాని అర్థం, మన ‘ఇరుకు’లోంచి వచ్చిన ‘ఇరకాటం’. గాయపడితేనో, ప్రత్యర్థి ఒప్పుకుంటేనో తప్ప బేస్‌బాల్‌లో ఆటగాణ్ని మార్చడం చాలాకాలం కుదరలేదు. 1891లో నిబంధన సడలిన తర్వాతే, ఇరకాటంలో పడిన జట్టును గట్టెక్కించడానికి తాజా బ్యాటరును దింపడం వాడుకలోకి వచ్చింది.

ఇందుకు 1988 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ టైటిల్ పోరు) తొలి మ్యాచ్‌ను మించిన ఉదాహరణ లేదు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటై, మూడోవాడు అవుటైతే ఆట ముగిసే స్థితిలో, డాడ్జర్స్ జట్టు 4-3తో వెనకబడి ఉండగా, రెండు కాళ్లూ దెబ్బతిన్న ఆ జట్టు ఆటగాడు కర్క్ గిబ్సన్ తమ పిచ్చర్‌కు (బంతి విసిరేవాడికి) బదులుగా కుంటుతూ వచ్చి, ప్రత్యర్థి పిచ్చర్ ఎకర్స్‌లీ వేసిన బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టి 5-4తో గెలిపించాడు. ఆ సిరీస్‌లో అతను బ్యాటు పట్టింది ఆ ఒక్కసారే. 2022 నుంచి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లోనూ పిచ్చర్ల తరఫున బ్యాటింగ్ చేయడానికి ప్రత్యేకంగా ఒకరుంటున్నందున ఇటువంటి అవసరం బాగా తగ్గింది. కొత్తవారికి ఈ మాటను విప్పి చెప్పవలసిన పని అందుకే పెరిగింది.

ప్రసారానికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను, పదకోశానికి ఒకటిన్నర.