మతిమరుపు జబ్బు గుర్తించడానికి ఏది మేలు: పెద్దవాళ్లకు పరీక్ష పెట్టడమా, ఇంట్లోవాళ్లను అడగడమా?

డిమెన్షియా ఉందేమోనని తేల్చుకోవడానికి పల్లెలో ఉన్న దారులు రెండు. పెద్దాయన్నో పెద్దమ్మనో ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి మార్కులు వేయడం ఒకటి. వాళ్లతో ఏళ్లుగా ఉంటున్న మనిషిని పక్కకు పిలిచి, "ఇదివరకటికీ ఇప్పటికీ తేడా ఏంటి?" అని అడగడం రెండోది. రెండింటికీ పది పదిహేను నిమిషాలు చాలు, స్కానింగులు అక్కర్లేదు. బడికి వెళ్లని పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ముందుగా చేయాల్సింది రెండోదే. పరీక్ష వద్దని కాదు. పరీక్షతో మొదలుపెడితే ఏ జబ్బూ లేని మామ్మకు జబ్బు అంటగట్టే ప్రమాదం ఎక్కువ.

ఎలాగో చూడండి. జ్ఞాపకాన్నీ ఆలోచననూ కొలవడానికి ప్రపంచమంతా వాడే ఎంఎంఎస్‌ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) పరీక్ష 1975లో అమెరికాలో వచ్చింది. మొత్తం 30 మార్కులు, 24 కంటే తక్కువ వస్తే అనుమానించడం వాడుక. ఇందులో 100 నుంచి ఏడేసి చొప్పున తీసివేస్తూ పోవడానికి 5 మార్కులు, రాసి ఉన్న వాక్యం చదివి అలా చేయడానికి 1, సొంతంగా ఒక వాక్యం రాయడానికి 1, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన రెండు పంచభుజాలు చూసి గీయడానికి 1. పలక పట్టని మనిషికి ఈ 8 మార్కులూ పోవచ్చు. ఇంగ్లీషు తేదీ, సంవత్సరం చెప్పలేకపోతే ఇంకో 2. మిగిలేవి 20. అంటే మెదడు నిక్షేపంగా ఉన్నా ఆవిడ అనుమానితుల జాబితాలో చేరిపోయింది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. ఏడేళ్లు నిండిన అందరినీ కలిపితే వచ్చిన అంకె అది. డెబ్బై దాటిన ఆడవాళ్లలో చదువుకున్నవాళ్లు ఇంకెంత తక్కువమందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పరీక్ష ఎదురు దిశలోనూ మోసం చేస్తుంది. రిటైరైన హెడ్మాస్టరుకు 28 వస్తాయి, డాక్టరు "బాగానే ఉన్నారు మాస్టారూ" అని పంపేస్తాడు. ఇంట్లో మాత్రం ఆయన కరెంటు బిల్లు రెండుసార్లు కట్టి, అసలు కట్టనేలేదని వాదిస్తుంటాడు. చదువు తొలిదశ జబ్బును కప్పేస్తుంది.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం తయారై, 1995లో ప్రచురితమైన హిందీ పరీక్ష, హెచ్‌ఎంఎస్‌ఈ, ఈ లోపాన్ని చాలావరకు సరిచేసింది. చదవమనడానికి బదులు "నా మొహం చూసి నేను చేసినట్టే చెయ్యి" అని కళ్లు మూసి చూపిస్తారు. రాయమనడానికి బదులు "మీ ఇంటి గురించి ఒక మాట చెప్పు" అంటారు. వారాల పేర్లు వెనకనుంచి చెప్పిస్తారు. మన దగ్గర పరీక్ష పెట్టేవాళ్లు నడవాల్సింది ఈ దారిలోనే. అయితే మక్కీకి మక్కీ తెలుగు చేస్తే చాలదు. మూడు మాటలు, ఉదాహరణకు "మామిడి, కుర్చీ, రూపాయి", సెకనుకొకటి చొప్పున చెప్పి, వెంటనే తిరిగి చెప్పించి, ఐదు నిమిషాలయ్యాక మళ్లీ అడగాలి. మధ్యలో కోడలు గుమ్మంలోంచి అందిస్తే ఆ మార్కు చెల్లదు. ఎదురుగా గోడమీద క్యాలెండరుంటే తిప్పి కూర్చోబెట్టాలి. చెవి బాగా వినిపించే వైపు కూర్చుని, టీవీ ఆపించి, కళ్లజోడు పెట్టించాకే మొదలుపెట్టాలి. చెవుడును మతిమరుపుగా రాసుకోవడం పరీక్షల్లో తరచూ జరిగే తప్పు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లను తెలుగులో పరీక్షిస్తే వచ్చే మార్కు దేనికీ పనికిరాదు.

"ఇది ఏ జిల్లా?" అన్న ప్రశ్నతో ఇక్కడ మరీ జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. రాజాంలో ఒక తాత "సీకాకుళం" అంటే అది మతిమరుపు కాదు, ఆయన బతుకంతా అదే జిల్లా. తేదీ విషయంలోనూ అంతే. "సంత అయిపోయిందా, రేపా? పైడితల్లమ్మ సిరిమాను అయిందా? వరి ఉభాలు (నాట్లు) అయ్యాయా?" అని అడిగితే కాలం తెలుస్తోందో లేదో ఇట్టే బయటపడుతుంది.

ఇక ఇంట్లోవాళ్లను అడిగే పద్ధతి. ఐక్యూకోడ్ అనే ప్రశ్నావళి 1989లో వచ్చింది. దాని చిన్న రూపంలో 16 ప్రశ్నలు. పదేళ్ల కిందటితో పోల్చి ఒక్కోదానికి 1 (చాలా మెరుగు) నుంచి 5 (చాలా అధ్వాన్నం) దాకా వేస్తారు. 3 అంటే మార్పు లేదని. మొత్తం 54 దగ్గరకొస్తే సగటు 3.4కు చేరినట్టు, అక్కడినుంచి అనుమానించాలి. అంత తీరిక లేకపోతే ఏడీ8 ఉంది: ఎనిమిది ప్రశ్నలు, రెండింటికి "మార్పు వచ్చింది" అంటే చాలు. వీటి బలమల్లా ఒక్కటే. మనిషిని బడిచదువుతో కాదు, నిన్నటి తనతోనే పోలుస్తాయి.

"పదేళ్ల కిందట" అంటే ఎవరికీ లెక్క తెగదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చింది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని కూల్చింది. "హుద్‌హుద్ నాటికి మీ అత్తగారు ఎలా ఉండేవారమ్మా?" అంటే ఆ ఇల్లు, ఆ రోజులు కళ్లముందుకు వచ్చి జవాబు తడుముకోకుండా వస్తుంది. బ్యాంకు పనుల ప్రశ్నకు బదులు పింఛను అడగండి. ఒకటో తారీఖున చేతికొచ్చే 4,000 రూపాయలు, ఐదువందల నోట్లయితే ఎనిమిది, ఆవిడే లెక్కపెట్టుకుంటోందా? ఎక్కడ దాచిందో చెప్పగలదా? దాచి మరిచిపోయి, ఎవరో దొంగిలించారని కోడలిమీద పడుతోందా? ఈ చివరి ప్రశ్నకు అవునంటే మిగతా కాగితం నింపకముందే చెవులు రిక్కించాలి.

ఈ పద్ధతి విఫలమయ్యే చోట్లూ ఉన్నాయి. పిల్లలు హైదరాబాదు, చెన్నై పనులకు వలసపోయిన ఇళ్లలో చెప్పేవాళ్లే ఉండరు. పండక్కి వచ్చే కొడుకు "బానే ఉంది" అంటాడు, వారానికోసారి ఫోన్లో మాట్లాడే మనిషికి అంతకంటే తెలీదు. అతనికంటే రోజూ పలకరించే పొరుగింటావిడ మాట విలువైనది. రెండోది, "వంట మానేసింది" అన్న జవాబు. వండలేక మానేసిందా, కోడలొచ్చాక వండనివ్వలేదా? ఈ తేడా అడగకుండా మార్కు వేస్తే తప్పు. మూడోది, భూమి తగాదా. కాగితాల మీద వేలిముద్ర వ్యవహారం నడుస్తున్న ఇంట్లో ఒక కొడుకు "మతి లేదు" అంటాడు, ఇంకొకడు "నిక్షేపం" అంటాడు. అలాంటి ఇంట్లో ఇద్దరినీ విడివిడిగా అడిగి, పరీక్ష మార్కునే ఎక్కువ నమ్మాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకూ, చదువుకున్నవాళ్లకు దగ్గరి మనిషి దొరకనప్పుడూ పరీక్షే దిక్కు.

మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతానికి డిమెన్షియా ఉందని తేల్చి 2023లో ఫలితాలిచ్చిన లాసీ-డాడ్ అధ్యయనం కూడా ఒక్క దారిని నమ్ముకోలేదు. పరీక్షా పెట్టింది, దగ్గరివాళ్లనూ అడిగింది. రెండూ ఒకే మాట చెబితే డాక్టరు దగ్గరికి పంపడమే. పరీక్షలో తప్పి, ఇంట్లోవాళ్లు మార్పేమీ లేదంటే చదువు, చెవి, చూపు సరిచూసి ఆరు నెలలకు మళ్లీ చూడొచ్చు. పరీక్ష బాగుండి, ఇంట్లోవాళ్లు మార్పు చెబితే మాత్రం ఆగకూడదు, పంపాలి.

ఈ రెండు దారుల్లో దేనికీ అందనివి రెండున్నాయి, వీటిని ముందే వేరుచేయాలి. మొదటిది దిగులు జబ్బు. దిగులున్న మనిషి తనే వచ్చి "ఏటో బాబు, నాకేటీ గుర్తుండట్లేదు" అంటుంది, ప్రశ్నకు "తెలీదు" అని వదిలేస్తుంది. డిమెన్షియా ఉన్న మనిషి చాలాసార్లు లోపాన్ని ఒప్పుకోకుండా ఏదో ఒక జవాబు చెప్పి సర్దేస్తుంది. ఇది గుర్తు మాత్రమే, కొలత కాదు, రెండూ కలిసి కూడా ఉండొచ్చు. చదివి వినిపించి అవును, కాదు అని జవాబు తీసుకునే, దిగులును కొలిచే 15 ప్రశ్నల జీడీఎస్-15లో 5 గానీ అంతకు మించి గానీ వస్తే దిగులు కోసం చూడాలి. మతి బాగా తప్పినవాళ్లు దానికి సరిగ్గా జవాబివ్వలేరు, అప్పుడు ఇంట్లోవాళ్లను కూడా అడిగి నింపే కార్నెల్ స్కేలు మేలు. "బతకాలని లేదా మామ్మా?" అని సూటిగా అడగడానికి వెనకాడొద్దు, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. బతకాలని లేదని చెబితే ఒంటరిగా వదలకుండా, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు అక్కడినుంచే ఫోన్ చేయించాలి.

రెండోది డెలీరియం. రెండు రోజుల్లోనో పూటలోనో మనిషి మారిపోయి, పొద్దున తేటగా, రాత్రికి కలవరింతగా ఉంటే పరీక్ష కాగితం మడిచి పక్కనపెట్టి, ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్తగా వేసిన మందు, ఎండదెబ్బ మామూలు కారణాలు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ చూడకుండా ఎవరికీ డిమెన్షియా పేరు పెట్టకూడదు. రక్తంలో యూరియా పేరుకున్నా మతి తప్పుతుంది, కిడ్నీ సరిగా పనిచేయకపోతే కొన్ని మందులు ఒంట్లో నిలిచిపోతాయి.

శ్రీకాకుళం రిమ్స్‌కో విజయనగరం సర్వజన ఆసుపత్రికో పంపేటప్పుడు చీటీలో మార్కు ఒక్కటే రాస్తే అక్కడి డాక్టరుకు ఏమీ తెలియదు. చదువెంత, ఇంట్లో ఏ భాష, ఎవరు చెప్పారు, మార్పు ఎప్పటినుంచి, మెల్లగా వచ్చిందా ఒక్కసారిగానా, ఇప్పుడు వాడే మందులన్నీ (నిద్రమాత్ర, జలుబుమాత్రతో సహా) రాయాలి. హిమోగ్లోబిన్, షుగరు, సోడియం, క్రియాటినిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ బి12 పరీక్షలు చేయించి ఉంటే ఆ రిపోర్టులు చీటీకి పిన్ను చేయండి. ఈమధ్య కిందపడి తలకు దెబ్బ తగిలి ఉంటే ఆ మాట మొదటి వరుసలో ఉండాలి, తలలో నెమ్మదిగా పేరుకునే రక్తానికి ఆపరేషనుతో నయమయ్యే అవకాశం ఉంది.