మాన్యంగా రాసిచ్చిన పాటలు: జార్జ్ హారిసన్ ‘లివింగ్ ఇన్ ది మెటీరియల్ వరల్డ్’ స్వర్ణోత్సవ ముద్రణ

జార్జ్ హారిసన్ 1973లో వెలువరించిన ‘లివింగ్ ఇన్ ది మెటీరియల్ వరల్డ్’ ఆల్బమ్‌ను యాభై ఏళ్లు నిండిన సందర్భంగా కొత్తగా మిక్సింగ్ చేయించి, 2024 నవంబరులో మళ్లీ విడుదల చేశారు. బీటిల్స్ రాక్ బృందపు గిటారిస్టు అయిన ఈ ఆంగ్లేయుడు కృష్ణభక్తుడన్న సంగతి మనలో చాలామందికి తెలిసిందే. కాని ఆ భక్తితో కట్టిన పాటల మీద వచ్చే రాబడిని ధర్మకార్యాలకు వదులుకున్నాడన్న సంగతికి రావలసినంత ప్రచారం రాలేదు. ఈ ఆల్బమ్‌ను ఆ రెండో సంగతిని పక్కన పెట్టి వినడం నాకు సాధ్యం కాలేదు.

దాని వెనుక ఒక చేదు అనుభవం ఉంది. సితారు విద్వాంసుడు రవిశంకర్ కోరిక మీద, బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం హారిసన్ 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు కచేరీలు ఏర్పాటు చేశాడు. టిక్కెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు కొద్ది రోజుల్లోనే అందాయి. కాని ఆ కచేరీలను ముందుగా ఏ ధర్మసంస్థ పేరునా నమోదు చేయించని కారణంగా, ఆ తరువాత వచ్చిన రికార్డు అమ్మకాల సొమ్ము పన్నుల వ్యవహారంలో ఏళ్ల తరబడి చిక్కుకుపోయింది. ఆ పాఠంతోనే 1973లో అతడు మెటీరియల్ వరల్డ్ చారిటబుల్ ఫౌండేషన్‌ను నెలకొల్పి, ఈ ఆల్బమ్‌లోని పదకొండు పాటల్లో తొమ్మిదింటి రచనాహక్కులను దాని పేరున బదిలీ చేశాడు. ఇది హుండీలో వేసిన కానుక వంటిది కాదు, గుడికి రాసిచ్చిన మాన్యం వంటిది: పాట ఎక్కడ మోగినా, ఎవరు మళ్లీ పాడినా రచయిత భాగం ఆ సంస్థకు చేరుతుంది. 1974లో రవిశంకర్ సారథ్యంలో హరిప్రసాద్ చౌరాసియా, శివకుమార్ శర్మ, ఎల్. సుబ్రహ్మణ్యం, టి.వి. గోపాలకృష్ణన్ వంటి విద్వాంసులు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో పాల్గొన్న భారతీయ సంగీతోత్సవానికి అండగా నిలిచింది ఈ సంస్థే.

ఇక పాటల విషయానికి వస్తే, మొదటిదైన ‘గివ్ మీ లవ్’ అన్నిటికంటే మిన్న. ప్రేమను, లోకానికి శాంతిని, తనకు పునర్జన్మ లేకుండా ఉండడాన్ని ఒకే ఊపిరిలో అడిగే ఈ ప్రార్థన అమెరికా ప్రజాదరణ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరిందంటే ఆశ్చర్యమే. హారిసన్ ఓంకారాన్ని పల్లవి మధ్యలో దీర్ఘంగా సాగదీసి, దాన్ని ‘మై లార్డ్’ అన్న పిలుపులోకి జారుస్తాడు; సాగిన ఆ స్వరంలో కొంచెం వణుకు కూడా వినిపిస్తుంది. ఆ వణుకును సరిదిద్దకుండా ఉంచినందుకు అతణ్ణి మెచ్చుకోవాలి. తీగల మీద గొట్టాన్ని జరుపుతూ వాయించే స్లైడ్ గిటారు గమకాల వంటి జారుడుతో అతని గొంతుకు జవాబు చెబుతూ ఉంటుంది.

ఆల్బమ్ పేరు పెట్టుకున్న పాటలో ఊహ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ప్రాపంచిక జీవితం గురించి చెప్పే చరణాలు డ్రమ్స్‌తో, శాక్సఫోన్‌తో హోరెత్తుతుంటే, ఆధ్యాత్మిక లోకం ప్రస్తావన రాగానే ఆ హోరంతా ఆగిపోయి, సితారు, జాకిర్ హుస్సేన్ తబలా మెల్లగా వినిపిస్తాయి. కొద్దిసేపటికే రాక్ వాద్యాలు మళ్లీ విరుచుకుపడతాయి. భక్తికీ బంధాలకూ మధ్య ఊగిసలాటను వాద్యాల మార్పుతోనే చెప్పడం ఇక్కడి నేర్పు. పాట చివర శ్రీకృష్ణుని అనుగ్రహాన్ని పేరుపెట్టి కోరుతాడు.

అయితే దేవుణ్ణి అడిగినంత హాయిగా అతడు మనకు ఉపదేశించలేడు. భగవంతుణ్ణి ప్రేమించేవారినే భగవంతుడు ప్రేమిస్తాడనే పాటలో కర్మఫలం గురించిన హెచ్చరికలు ప్రవచనంలా వినిపించి, తాళం ఎంత హుషారుగా ఉన్నా మనసును కదిలించవు. మన రామదాసు దేవుణ్ణి నిలదీసినా మనం చనువుగా వింటాం. ఇక్కడ మందలింపు శ్రోత వైపు తిరిగేసరికి ఆ చనువు పోతుంది. రెండో సగంలో నెమ్మది పాటలు వరుసగా రావడం వల్ల కొంత బరువు కూడా తోస్తుంది. బంగ్లాదేశ్ కచేరీల తరువాత రాసిన ‘ది డే ద వరల్డ్ గెట్స్ రౌండ్’ మాత్రం ఆ బరువుకు తగిన పాట. ప్రపంచం చేయవలసిన పనిని కొద్దిమంది గాయకులు చేయవలసి వచ్చిందన్న బాధ అందులో తీవ్రంగానే ఉన్నా, జాన్ బార్హామ్ కూర్చిన వాద్యబృందం దాన్ని కోపంగా మారనివ్వదు.

పాల్ హిక్స్ చేసిన కొత్త మిక్సింగ్‌లో గొంతు ముందుకు వచ్చింది, నిక్కీ హాప్‌కిన్స్ పియానో మెట్లు విడివిడిగా తెలుస్తున్నాయి. పాత ముద్రణలో అన్నీ కలిసి పరచుకున్నట్టుండే మెత్తదనం కొంత తగ్గిందన్నది నిజమే, దానికి అలవాటు పడినవారికి ఇది రుచించకపోవచ్చు. రెండో డిస్కులో తొలి ప్రయత్నాలు ఉన్నాయి. పెద్ద హంగులు లేని ‘బీ హియర్ నౌ’ అక్కడ అసలు ఆల్బమ్‌లోకంటే ధ్యానానికి దగ్గరగా ఉంది. భారీ పెట్టెగా వచ్చిన ముద్రణను సేకరణకర్తలకు వదిలేసి, మామూలు శ్రోతలు రెండు డిస్కుల ముద్రణను కొనుక్కుంటే చాలు. వినవలసినవన్నీ అందులోనే ఉన్నాయి.