బీటిల్ ముందు చక్రాల బేరింగులకు డయల్ గేజ్: 9 ఏళ్ల వాడకం తరువాత

మా దగ్గర 1970 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఒకటి ఉంది. డాలస్ శివార్లలో దాన్ని 11 ఏళ్లుగా నేనే నడుపుకుంటూ, నేనే బాగు చేసుకుంటున్నాను. ముందు చక్రాల బేరింగులను సరిగ్గా బిగించుకోవాలని 9 ఏళ్ల క్రితం మ్యాగ్నెటిక్ బేస్‌తో (అయస్కాంతంతో అతుక్కునే పీటతో) సహా ఒక డయల్ గేజ్‌ను, అంటే అతి చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత పరికరాన్ని, 30 డాలర్లకు కొన్నాను. అప్పటినుంచి ఏటా వసంతంలో ఒకసారి, బేరింగులు విప్పి గ్రీజు మార్చిన ప్రతిసారీ, దానితోనే కొలుస్తున్నాను. నేను దాన్ని కొన్న ఉద్దేశం ఒకటి, చివరికి అది నాకు అక్కరకు వచ్చిన తీరు మరొకటి.

ఈ కారులో ఒక్కో ముందు చక్రానికి రెండేసి టేపర్ రోలర్ బేరింగులు ఉంటాయి. రోలర్లు వాలుగా కూర్చుంటాయి కనుక బయటి నట్టును ఎంత తిప్పితే బేరింగు అంత బిగుసుకుంటుంది. మరీ బిగిస్తే రోలర్ల మీద అనవసరమైన భారం పడి, వేడెక్కి, గ్రీజు పలచబడుతుంది. వదులుగా వదిలేస్తే చక్రం ఊగి స్టీరింగులో నిలకడ పోతుంది. అందుకే మాన్యువల్‌లో ప్లే, అంటే చక్రాన్ని లాగి నెట్టినప్పుడు ఇరుసు వెంట కదిలే వదులు, 0.03 నుంచి 0.12 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని రాశారు. గేజ్ మీద ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు కాబట్టి, ముల్లు 3 గీతలకు తక్కువ కాకుండా 12 గీతలకు మించకుండా కదలాలన్నమాట.

గేజ్ లేని రోజుల్లో అందరిలాగే నేనూ వాషర్ పద్ధతినే పాటించేవాణ్ణి. బ్రేకు డ్రమ్మును (బేరింగుల మీద తిరిగే, చక్రాన్ని బిగించే భాగాన్ని) చేత్తో తిప్పుతూ నట్టు బిగించి, రోలర్లు తమ చోట కుదురుకున్నాక నట్టును కొద్దిగా వదులు చేసి, దాని వెనుక ఉన్న వాషర్‌ను స్క్రూడ్రైవర్ మొనతో పక్కకు నెడితే కాస్త బరువుగా కదిలేలా చూసుకోవాలి. అలా చేత్తో అంచనా వేసి బిగించిన చక్రాన్ని తొలిసారి గేజ్‌తో కొలిచినప్పుడు 0.09 చూపించింది. చేతి అంచనా తప్పని రుజువు చేయడానికి కొన్న పరికరం చేతి అంచనాకే మార్కులు వేసినందుకు, నిజం చెప్పాలంటే, కొంచెం నిరుత్సాహపడ్డాను.

అసలు సంగతి ఆ తరువాత బయటపడింది. ఈ నట్టుకు ఒక పక్క చీలిక ఉండి, అది కదలకుండా ఎలెన్ స్క్రూతో నొక్కి పట్టే ఏర్పాటు ఉంటుంది. గేజ్‌ను అలాగే ఉంచి ఆ స్క్రూ బిగించి మళ్లీ డ్రమ్మును లాగి నెట్టి చూస్తే, 0.09 కాస్తా 0.05కు దిగింది. నట్టును నేను వేలెడైనా తిప్పలేదు. నట్టు మరకూ ఇరుసు మరకూ మధ్య ఉన్న సందు మూసుకుపోయిందంతే. అంటే అంతకు ముందు రెండేళ్లూ నేను సరిగ్గా బిగించానని అనుకున్న ప్రతిసారీ, చివరి స్క్రూ దగ్గర నాకు తెలియకుండానే బేరింగు మరికాస్త బిగుసుకుందన్నమాట. ఇప్పుడు స్క్రూ బిగించాక వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకుంటున్నాను.

ఎడమ చక్రం దగ్గర గేజ్ పెట్టడం ఓపికకు పరీక్షే. బీటిల్‌లో స్పీడోమీటర్ కేబుల్ ఆ చక్రపు ఇరుసు లోపలినుంచి వచ్చి గ్రీజు మూతకున్న చదరపు రంధ్రంలో కూర్చుంటుంది. చక్రంతో పాటు మూత తిరిగితేనే కేబుల్ తిరుగుతుంది. కేబుల్‌ను వెనక్కి నెట్టాక ఇరుసు కొన బోలుగా ఉంటుంది కనుక, గేజ్ మొన రంధ్రంలోకి జారకుండా దాని సన్నని అంచు మీదనే ఆనేలా చూసుకోవాలి. ఆ వైపు నట్టుకు మర కూడా ఎదురు దిశలో ఉంటుంది. మొదటి ఏడాది ఆ సంగతి మరిచి, వదులు చేస్తున్నాననుకుంటూ రేంచి మీద ఒళ్లంతా వేసి బిగించి, ఒక బేరింగును చేజేతులా పాడు చేసుకున్నాను.

పరికరం విషయానికొస్తే, డ్రమ్ము ముఖం మీద అయస్కాంతం ఆనడానికి చదునైన చోటు సరిపోదు. అందుకని ఒక ఇనుప పట్టీని రెండు చక్రపు బోల్టులతో డ్రమ్ముకు బిగించి, దాని మీద బేస్ పెడుతున్నాను. మొన ఇరుసుకు సమాంతరంగా లేకపోతే కొలత తేడా వస్తుంది. డ్రమ్మును పైకీ కిందికీ ఊపకుండా తిన్నగా లాగి, తిన్నగా నెట్టాలి. మొదట డిజిటల్ గేజ్ తీసుకుందామనుకున్నాను కానీ, ఏడాదికొకసారి తీసే వస్తువులో బ్యాటరీ ఎప్పుడూ చచ్చే ఉంటుందని మానుకున్నాను; ఆ నిర్ణయానికి ఇప్పటికీ చింత లేదు.

చక్రం ఊగుతోందని వెంటనే గేజ్ తీయకండి. జాకీ ఎత్తి, స్టాండు మీద నిలిపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే మరొకరు చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపి చూడాలి. బ్రేకు తొక్కగానే ఊపు ఆగిపోతే లోపం బేరింగులో ఉన్నట్టు, ఆగకపోతే బాల్ జాయింట్లలో (చక్రపు ఇరుసును సస్పెన్షన్‌కు కలిపే గుండ్రటి కీళ్లలో) ఉన్నట్టు. బాల్ జాయింటు అరిగితే నట్టు ఎంత తిప్పినా ప్రయోజనం లేదు.

ఈ వసంతంలో ఎడమ వైపు 0.05, కుడి వైపు 0.06 చూపించింది. గేజ్ ముల్లు ఇప్పటికీ సున్నాకే తిరిగి వస్తోంది గానీ, బేస్ మీద గేజ్‌ను పట్టి ఉంచే కడ్డీ కీలు అరిగి, ఎంత బిగించినా మెల్లగా కిందికి వాలిపోతోంది. గేజ్‌ను అలాగే ఉంచి, ఆ కడ్డీని మాత్రం మార్చబోతున్నాను.