లైనప్ మారిన బేస్‌బాల్ జట్టుకి ఎన్ని గెలుపులు రాయాలి? మూడు లెక్కల్లో ఏది మేలు?

సియాటిల్ మెరినర్స్ 2000లో 91 మ్యాచ్‌లు గెలిచింది. ఆ శీతాకాలంలో ఆలెక్స్ రోడ్రిగెజ్ పదేళ్ల ఒప్పందానికి 25.2 కోట్ల డాలర్లు పుచ్చుకుని టెక్సస్ రేంజర్స్‌కి వెళ్లిపోయాడు. రాండీ జాన్సన్, కెన్ గ్రిఫీ అప్పటికే వెళ్లిపోయారు. మిగిలిన జట్టుకి 2001లో ఎన్ని గెలుపులు రాయాలి? ఆ జట్టు గెలిచింది 116. రోడ్రిగెజ్ 52 హోమ్‌రన్లు కొట్టిన టెక్సస్ మాత్రం 71 నుంచి 73కి చేరి ఆగింది.

సీజన్ ముందు అంచనా వేసేవాళ్లు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి పడతారు. ఒకటి, నిరుటి గెలుపుల్ని పట్టుకుని వచ్చినవాళ్లకి కొంచెం కలిపి, పోయినవాళ్లకి కొంచెం తీసేయడం. రెండు, నిరుడు కొట్టిన పరుగులు, ఇచ్చిన పరుగులతో మొదలుపెట్టడం. మూడు, పాతది పక్కన పెట్టి ఒక్కొక్క ఆటగాడినీ విడిగా తూచి కూడడం. ఈ మూడింటినీ పరీక్షించడానికి 2001, 2002 నాటి అమెరికన్ లీగ్ పడమటి డివిజన్ కంటే మంచి చోటు దొరకదు. ఒకే డివిజన్‌లో ఒక జట్టు స్టార్‌ని పోగొట్టుకుని పైకి లేచింది. ఒకటి స్టార్‌ని కొని నేలమీదే ఉండిపోయింది. ఒకటి (ఓక్లాండ్) ముగ్గుర్ని పోగొట్టుకుని కదలకుండా నిలబడింది. ఇంకొకటి (అనహైమ్) పెద్దగా మారకుండానే ప్రపంచ విజేత అయింది.

నిరుటి గెలుపులు

చాలామంది చేసేది ఇదే, అన్నిటికంటే బలహీనమైనదీ ఇదే. 162 మ్యాచ్‌ల సీజన్‌లో, సరిగ్గా సగం గెలవగల సత్తా ఉన్న జట్టుకి కూడా కేవలం అదృష్టం వల్లే అటో ఇటో ఆరు గెలుపులు మారతాయి. నాణెం 162 సార్లు ఎగరేస్తే వచ్చే తేడా అది. అంటే 91 గెలిచిన జట్టు అసలు సత్తా 85 కావచ్చు, 97 కావచ్చు. ఆ పునాది మీద ఎంత జాగ్రత్తగా గోడ కట్టినా వంకరే.

ఈ పద్ధతే వాడక తప్పకపోతే నిరుటి అంకెని సగటు వైపు, అంటే 81 వైపు, మూడో వంతు నుంచి సగం దాకా లాగాలి. 116 గెలిచిన సియాటిల్‌ని సగం లాగితే 2002కి 98 లేదా 99 వస్తుంది. నిజంగా గెలిచింది 93. లాగకుండా ఉంటే 23 తప్పు, లాగితే ఆరు లోపు. ఐపీఎల్‌లో 14 లీగ్ మ్యాచ్‌లే కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2023లో అట్టడుగున ఉన్న సన్‌రైజర్స్ 2024లో ఫైనల్ ఆడింది, 2025లో మూడొందలు కొడతారని అందరూ ఎదురుచూస్తుంటే ఆరో స్థానంతో సరిపెట్టుకుంది.

పరుగుల లెక్క

బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ సూత్రం ఇది. కొట్టిన పరుగుల వర్గాన్ని, కొట్టిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించి 162తో హెచ్చించాలి. (వర్గం బదులు 1.83 ఘాతం వాడితే ఇంకొంచెం నిక్కచ్చిగా వస్తుంది, చేత్తో లెక్కకి వర్గం చాలు.) ఇంకా తేలికగా కావాలంటే తేడాలో ప్రతి పది పరుగులకీ ఒక గెలుపు, సున్నా తేడాకి 81.

ఓక్లాండ్ 2001లో 884 కొట్టి 645 ఇచ్చింది. సూత్రం ప్రకారం 106 గెలవాలి, గెలిచింది 102. తరవాతి ఏడు 800 కొట్టి 654 ఇచ్చింది. సూత్రం 97 అంటే, గెలిచింది 103. ఆ శీతాకాలంలో ఓక్లాండ్ పెద్ద బ్యాటర్ జేసన్ జియాంబీ న్యూయార్క్‌కి వెళ్లిపోయాడు. గెలుపులు మాత్రమే చూసినవాడు "జేసన్ జియాంబీ పోయినా ఏమీ కాలేదు" అంటాడు. పరుగులు చూసినవాడికి జట్టు నిజంగా తొమ్మిది గెలుపుల మేర బలహీనపడిందని, దగ్గరి మ్యాచ్‌లు కలిసిరావడంతో ఆ లోటు కప్పుకుపోయిందని తెలుస్తుంది. ఆ ఏడు వరసగా 20 మ్యాచ్‌లు గెలిచిన ఊపులో ఈ మాట ఎవరూ వినే స్థితిలో లేరు.

అయిదు సందర్భాలూ పక్కపక్కన ("పరుగుల లెక్క" అంటే సూత్రం ప్రకారం రావాల్సిన గెలుపులు):

| జట్టు, ఏడాది | ముందటేడు గెలుపులు | ముందటేడు పరుగుల లెక్క | ఆ ఏడు గెలుపులు | ఆ ఏడు పరుగుల లెక్క |
|---|---|---|---|---|
| సియాటిల్ 2001 | 91 | 93 | 116 | 111 |
| టెక్సస్ 2001 | 71 | 70 | 73 | 74 |
| ఓక్లాండ్ 2002 | 102 | 106 | 103 | 97 |
| సియాటిల్ 2002 | 116 | 111 | 93 | 93 |
| అనహైమ్ 2002 | 75 | 77 | 99 | 103 |

నిరుటి పరుగులు కూడా 2001 సియాటిల్‌ని, 2002 అనహైమ్‌ని పట్టుకోలేకపోయాయి. ఇవి ఏరి తెచ్చిన విపరీతమైన ఉదాహరణలు కాబట్టి ఈ పట్టికే పద్ధతులకి తీర్పు కాదు. మొదటిదాని కంటే రెండోది మేలనడానికి అసలు కారణం వేరే ఉంది: పరుగుల్ని విడగొట్టి చూడొచ్చు, గెలుపుల్ని విడగొట్టలేం.

విడగొట్టేటప్పుడు ఎక్కువమంది ఒక చోట జారిపడతారు. సియాటిల్ 2000లో 907 కొట్టి 780 ఇచ్చింది. 2001లో 927 కొట్టి 627 ఇచ్చింది. బ్యాటింగ్ 20 పరుగులే పెరిగింది, బౌలింగు, ఫీల్డింగు 153 పరుగులు మెరుగయ్యాయి, కాబట్టి ఘనతంతా పిచ్చర్లదే (బంతి విసిరేవాళ్లదే) అనిపిస్తుంది. అది తప్పు. 2001లో ఎత్తుగా వచ్చిన బంతుల్ని కూడా స్ట్రైక్‌గా (బ్యాటర్‌కి వ్యతిరేకంగా) ఇవ్వాలని అంపైర్లకి ఆదేశాలు వచ్చాయి, అమెరికన్ లీగ్ మొత్తంలో మ్యాచ్‌కి జట్టు సగటు సుమారు 5.3 నుంచి 4.9 పరుగులకి దిగింది. సీజన్‌కి అది దాదాపు 70 పరుగులు. అది సర్దితే లీగ్ సగటుతో పోల్చినప్పుడు సియాటిల్ బ్యాటింగ్ దాదాపు 90 పరుగులు, పరుగుల్ని ఆపడం దాదాపు 80 పరుగులు మెరుగయ్యాయి. రెండూ ఇంచుమించు సమానం.

టెక్సస్‌కి అదే సర్దుబాటు చేస్తే ఇంకా బాగుంటుంది. 848 కొట్టి 974 ఇచ్చిన జట్టు, రోడ్రిగెజ్ వచ్చాక 890 కొట్టి 968 ఇచ్చింది. లీగ్‌తో పోలిస్తే బ్యాటింగ్ 110 పరుగుల పైగా పెరిగింది. అంటే కొత్త స్టార్ ఉన్న లైనప్ చేయాల్సింది చేసింది. కానీ లీగంతా 70 తక్కువ ఇస్తున్నప్పుడు వీళ్లు ఆరే తగ్గించారు, పిచింగ్ 65 పరుగుల మేర దిగజారింది. ఒక చేత్తో పోసింది ఇంకో చేత్తో కారిపోయింది. లైనప్ మారిందన్న వార్త వినగానే బ్యాటింగ్ క్రమమొక్కటే లెక్కపెట్టేవాళ్లకి టెక్సస్ 2001 పాఠం సరిపోతుంది.

ఆటగాడి వారీ కూడిక

ఇది ఎక్కువ పని, కానీ లైనప్ నిజంగా మారినప్పుడు దీనికి సాటి లేదు. నాలుగు మెట్లుంటాయి.

మొదట ఒక్కొక్కరికీ అంచనా. గణాంక విశ్లేషకుడు టామ్ టాంగో రూపొందించిన మార్సెల్ పద్ధతి చాలు, అంతకంటే సంక్లిష్టమైనవి దీన్ని కొద్దిగానే మించుతాయి. గడిచిన మూడేళ్లకి 5, 4, 3 బరువులిచ్చి, దానికి లీగ్ సగటు స్థాయిలో 1,200 ప్లేట్ అపియరెన్సులు (బ్యాటింగ్‌కి వచ్చే విడతలు) కలిపి, వయసు 29 కంటే ఎక్కువైతే ఏడాదికి 0.3 శాతం తగ్గించి, తక్కువైతే 0.6 శాతం పెంచాలి. అనహైమ్ ఆటగాడు డారిన్ ఎర్స్‌టాడ్ బ్యాటింగ్ సగటు, అంటే హిట్ల వాటా, చూడండి: 1999లో .253, 2000లో 240 హిట్లతో .355, 2001లో .258. బరువులు మాత్రమే వేసినా 2002కి .289 వస్తుంది. సగటు వైపు లాగితే ఇంకొంచెం తగ్గుతుంది. కొట్టింది .283. అదే జట్టులోని టిమ్ సాల్మన్‌కి .266, .290, .227 నుంచి .258 వస్తుంది, కొట్టింది .286. అనహైమ్ 75 గెలుపుల జట్టు కాదన్న సంగతి ఈ పద్ధతికి ఏప్రిల్ కంటే ముందే కొంత కనిపిస్తుంది. 99 అని చెప్పదు, కానీ 80ల మధ్యకి తీసుకెళ్తుంది. పేర్లు మారని లైనప్‌లో కూడా మనుషులు మారతారు, మొదటి రెండు పద్ధతులూ ఆ సంగతి చూడవు.

రెండో మెట్టు బడ్జెట్. జట్టుకి సీజన్‌లో సుమారు 6,200 ప్లేట్ అపియరెన్సులుంటాయి. బ్యాటింగ్ క్రమంలో ఒకటో నంబరుకి సుమారు 760, ఒక్కో మెట్టు దిగితే 18 తగ్గుతూ తొమ్మిదో నంబరుకి 620. ఎవరిని ఏ స్థానంలో ఆడించాలన్న గొడవకి మేనేజర్లు ఇచ్చే సమయంతో పోలిస్తే ఈ తేడా చిన్నది. పొరపాటు ఇంకో చోట జరుగుతుంది: తొమ్మిది మంది స్టార్టర్లకే మొత్తం పంచేసి బెంచికి ఏమీ మిగల్చరు. దెబ్బలు, విశ్రాంతి కలిపి నిలకడైన ఆటగాడికి కూడా 140 మ్యాచ్‌లే రాయాలి. పిచ్చర్లకి సుమారు 1,450 ఇన్నింగ్స్. ఓక్లాండ్ పిచ్చర్లు బారీ జీటో, టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్ 2002లో 35, 34, 30 మ్యాచ్‌ల్లో మొదటి పిచ్చర్‌గా దిగారు. అలాంటి అదృష్టవంతమైన జట్టుకి కూడా ఇంకా 63 మ్యాచ్‌లకి వేరేవాళ్లు కావాలి.

మూడో మెట్టు పోయినవాడికీ వచ్చినవాడికీ మధ్య తేడా. ఆన్‌బేస్ శాతాన్ని (ఎన్ని విడతల్లో బేస్ చేరాడో) స్లగింగ్‌తోనూ (ఎట్-బ్యాట్‌కి సగటున వచ్చిన బేస్‌లు), ఎట్-బ్యాట్స్‌తోనూ (స్థూలంగా, హిట్టో ఔటో అయిన విడతలు) హెచ్చిస్తే ఆటగాడు పుట్టించిన పరుగులు స్థూలంగా వస్తాయి. జియాంబీ 2001లో .477, .660, 520 ఎట్-బ్యాట్స్: 164 పరుగులు. అతని స్థానంలో మొదటి బేస్ ఆడిన స్కాట్ హ్యాటెబర్గ్ 2002లో .374, .433, 492: 80 పరుగులు. తేడా 84. ఓక్లాండ్ జట్టు మొత్తం పరుగులు తగ్గింది కూడా సరిగ్గా 84. చూడ్డానికి ముచ్చటగా ఉంది కానీ ఇది కాకతాళీయం. ఆ జట్టులో అటూ ఇటూ మారినవి ఇంకా చాలా ఉన్నాయి. పైగా మార్చిలో కూర్చుని 164 రాయకూడదు. జియాంబీ న్యూయార్క్‌లో 2002లో కూడా గొప్పగానే ఆడి ఈ లెక్కలో 146 దగ్గర ఆగాడు. కెరీర్ శిఖరం మీదున్న అంకెని పోయినవాడి పేరున, సగటు అంకెని వచ్చినవాడి పేరున రాస్తే ప్రతి జట్టూ శీతాకాలంలో నాశనమైనట్టే కనిపిస్తుంది. జియాంబీ విషయంలో నిజాయితీగా రాయగలిగిన తేడా 60 పరుగులు, అంటే ఆరు గెలుపులు. ఓక్లాండ్ పోగొట్టుకున్న రెండోవాడు జానీ డేమన్ 2001 ఆన్‌బేస్ .324 మాత్రమే, అతని బ్యాటు పోయినందుకు పెద్దగా తీయనక్కర్లేదు. మూడోవాడు, క్లోజర్ (మ్యాచ్ చివర్లో దిగి ముగించే పిచ్చర్) జేసన్ ఇస్రింగ్‌హౌసెన్ బదులు బిల్లీ కోక్ వచ్చాడు, ఇంచుమించు చెల్లు.

నాలుగోది కూడిక. పరుగులు కాక వార్ అంకెలు (సులభంగా దొరికే బదులు ఆటగాడి కంటే ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పేవి) వాడితే, అలాంటి బదులు స్థాయి ఆటగాళ్లతో నిండిన జట్టు సుమారు 48 గెలుస్తుందని పెట్టుకుని అందరి వార్‌లూ దానికి కలపాలి. సగటు జట్టుకి 33 వార్ ఉంటుంది, మొత్తం 81. మీ కూడికలో జట్టుకి 60 వార్ వస్తే ఆటగాళ్లు అంత గొప్పవాళ్లని కాదు, ఎక్కడో సగటు వైపు లాగడం మరిచారని అర్థం.

ఈ పద్ధతికి కన్ను కనపడని చోట్లు కూడా ఉన్నాయి. 2001లో సియాటిల్‌కి వచ్చిన ఇచిరో సుజుకి జపాన్ పసిఫిక్ లీగ్‌లో వరసగా ఏడేళ్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, 2000లో .387. కానీ అమెరికాలో ఒక్క ప్లేట్ అపియరెన్స్ కూడా లేనందున మార్సెల్ అతన్ని లీగ్ సగటు ఆటగాడిగా రాస్తుంది. అతను 242 హిట్లు, 56 స్టీళ్లతో (దొంగిలించిన బేస్‌లతో) ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు, అయ్యాడు. విదేశీ లీగ్ అంకెల్ని తగ్గించి మార్చుకోవడం వేరే పని, అది చేయకపోతే అంచనా కుంటిదే. అదే ఏడు సియాటిల్‌కి వచ్చిన బ్రెట్ బూన్‌ని ఏ పద్ధతీ పట్టుకోలేదు: 2000లో శాన్‌డియాగోలో .251, 19 హోమ్‌రన్లు, మరుసటేడు .331, 37 హోమ్‌రన్లు, 141 ఆర్బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు). వయసు సర్దుబాటు కూడా రికార్డులో ఉన్న పుట్టినతేదీ నిజమైతేనే పనికొస్తుంది. 2002 ఎంవీపీ, ఓక్లాండ్ ఆటగాడు మిగెల్ తెహాదా తన వయసు రెండేళ్లు తక్కువ చెప్పానని 2008లో ఒప్పుకున్నాడు.

ఇంకొకటి, మొదటి రోజు లైనప్ సీజన్ లైనప్ కాదు. ఓక్లాండ్ 2002లో కార్లోస్ పేన్యా, జెరెమీ జియాంబీలతో మొదలుపెట్టింది. జెరెమీ మేలో, పేన్యా జులైలో మార్పిడిలో వేరే జట్లకి వెళ్లిపోయారు, ఆ వేసవిలోనే రే డర్హమ్ వచ్చాడు. కొత్త కుర్రాడు మార్క్ ఎల్లిస్ రెండో బేస్‌లో కుదురుకున్నాడు. వచ్చిన కొత్తవాళ్ల పేరు మీద 650 ప్లేట్ అపియరెన్సులు రాసేముందు ఇది గుర్తుంచుకోవాలి. స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సన్నాహక మ్యాచ్‌ల) అంకెలు మాత్రం అసలు కలపొద్దు. అరిజోనా పొడిగాలిలో బంతి ఎగురుతుంది, ఏడో ఇన్నింగ్స్‌లో ఎదురుగా ఉండేది మైనర్ లీగ్ కుర్రాడు.

ఎప్పుడు ఏది

రోజూ ఆడేవాళ్లలో ఒకరిద్దరే మారితే పరుగుల లెక్కే మేలు: నిరుటి తేడాని తీసుకుని, లీగ్ సగటుతో సరిచేసి, మారిన స్థానాల తేడా మాత్రం కలపాలి. పని గంటలో అవుతుంది. నలుగురు, అంతకంటే ఎక్కువ మారితే, లేదా మారకపోయినా ముగ్గురు నలుగురు ముఖ్యులు గాయాల నుంచి తిరిగొస్తుంటే, ఆటగాడి వారీ కూడిక తప్ప వేరే దారి లేదు. నిరుటి గెలుపులు టీ కొట్టు దగ్గర వాదనకి చాలు.

సగటు వైపు ఎంత లాగాలన్నది జట్టు వయసుని బట్టి ఉంటుంది. 2002 ఓక్లాండ్‌ని సగం లాగితే 106 కాస్తా 93 అవుతుంది, జియాంబీ ఆరు తీస్తే 87. ఇది మరీ తక్కువ. జీటో, మల్డర్, ఎరిక్ షావేజ్ 24 ఏళ్లవాళ్లు, అలాంటి కుర్రాళ్ల జట్టుని మూడో వంతు లాగితే చాలు: 98, ఆరు తీస్తే 92. వాళ్ల పరుగుల లెక్క 97కి అయిదు దూరం. ముప్పై దాటినవాళ్లతో నిండిన జట్టుకి సగం లాగడం న్యాయం. 2002 సియాటిల్‌లో ఎడ్గర్ మార్టినెజ్‌కి 39, జేమీ మోయర్‌కి నలభైకి దగ్గర.

చివరికి ఒక్క అంకె చెప్పకండి. ఆరు గెలుపుల అదృష్టం ఎటూ ఉంటుంది, దాని మీద మీ లెక్కలో తప్పులు. 92 వచ్చిందంటే 84 నుంచి 100 దాకా అని రాయండి. 2002లో అనహైమ్ మొదటి 20 మ్యాచ్‌ల్లో 14 ఓడింది. ఏప్రిల్ చూసి అంచనా మార్చుకున్నవాళ్లు అక్టోబర్‌లో టీవీ ముందు నోరు మెదపలేదు.