ఫ్లోరైడ్ మచ్చల పళ్లకు వినీర్లు, వైట్‌నింగ్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో చాలామందికి ముందు పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. అలాంటి పళ్లకే పైన ఆరింటికి సిరామిక్ వినీర్లు (పంటి ముందువైపు అతికించే పల్చని పెంకులు), కింది వరసకు ట్రే వైట్‌నింగ్ చేయించుకుని ఏళ్లుగా వాడుతున్న అనుభవంతో రాస్తున్నాను. వినీరు మంచిదే. కానీ దాన్ని అన్నిటికన్నా చివర పెట్టుకోండి. దానికోసం అరగదీసిన ఎనామెల్, అంటే పంటి పైనున్న గట్టి పొర, మళ్లీ పుట్టదు.

ఈ మచ్చ పైపైన అంటిన మురికి కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఎనామెల్ గుల్లబారుతుంది. పన్ను బయటికొచ్చాక ఆ గుల్ల భాగం టీ, కాఫీల రంగు పీల్చుకుంటుంది. అందుకే క్లీనింగ్‌తో గార పోతుంది కానీ చార అలాగే ఉంటుంది.

మొదట చూడాల్సింది ట్రే వైట్‌నింగ్. పళ్ల అచ్చు తీసి సన్నని ట్రే చేయిస్తారు. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ని పన్నుకి బియ్యపు గింజంత చొప్పున వేసి రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోవాలి. ఎక్కువ వేస్తే చిగుళ్ల మీదికి పొంగి మండుతుంది. మామూలు పసుపుదనానికి రెండు మూడు వారాలు సరిపోతాయి, ఫ్లోరైడ్ చారలకు ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజుల్లో తెల్ల మచ్చలు మరింత కొట్టొచ్చినట్టు కనబడతాయి. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు, మానొద్దు. పళ్లు జివ్వుమంటే రాత్రి విడిచి రాత్రి పెట్టుకుని, 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడితే తగ్గుతుంది. పుచ్చులుంటే ముందు వాటిని పూడ్పించాలి. తెచ్చుకున్న తెలుపు శాశ్వతం కాదు. ఏడాదికో రెండేళ్లకో అదే ట్రేతో కొన్ని రాత్రులు మళ్లీ పెట్టుకోవాల్సిందే.

గోధుమ చార పైపొరలోనే ఉంటే మైక్రో అబ్రేషన్ చాలు: ఆమ్లం, గరుకు పొడి కలిపిన పేస్టుతో మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే అయిదో వంతు రుద్దేస్తారు. తెల్ల మచ్చలకు రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది, ఆ గుల్లల్లోకి పల్చని రెసిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం) ఇంకేలా చేస్తారు. ఈ రెండింటికీ మత్తు సూది అక్కర్లేదు.

ఇవన్నీ చేసినా గుంతలు, నల్లటి చారలు మిగిలితే అప్పుడు వినీరు. సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు అరగదీస్తారు. ఆ అరుగుడు ఎనామెల్ లోపలే ఆగాలి. వినీరును అతికించే రెసిన్ సిమెంటు ఎనామెల్‌ని పట్టినంత గట్టిగా దాని కింది పొర డెంటిన్‌ని పట్టదు. మచ్చ ఎంత ముదురైతే దాన్ని దాచడానికి వినీరు అంత మందంగా కావాలి, అరుగుడూ అంత పెరుగుతుంది. ముందే వైట్‌నింగ్ చేయించుకుంటే ఈ మందం తగ్గుతుంది. పైగా వినీరు రంగు తర్వాత మారదు కాబట్టి పక్క పళ్ల రంగు ముందే తేల్చుకోవాలి. వైట్‌నింగ్ ఆపాక కనీసం రెండు వారాలు ఆగాలి. పంట్లో మిగిలిన ఆక్సిజన్ వల్ల రెసిన్ సరిగా గట్టిపడదు.

పన్ను ముట్టుకోకముందే మాకప్ అడగండి. మైనంతో చేసిన నమూనాని తాత్కాలిక పదార్థంతో నోట్లో పెట్టి చూపిస్తారు. అద్దంలో చూసుకుని సరిపెట్టుకోకండి, మాట్లాడండి. 'ఫ', 'వ' పలికేటప్పుడు పై పళ్ల అంచు కింది పెదవికి అడ్డం పడితే పొడవెక్కువైనట్టు. 'స' ఈలలా వస్తుంటే అంచుల్ని సరిదిద్దాలి.

అతికించే రోజు రెండు చోట్ల పని చెడుతుంది. ఒకటి ఉమ్మి తగలడం. రెండోది, ఫ్లోరైడ్ పట్టిన ఎనామెల్ ఆమ్లానికి త్వరగా లొంగదు, అతుకు పట్టేలా గరుకు చేయడానికి పూసే ఫాస్ఫారిక్ ఆమ్లం మామూలుకన్నా ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది. ఇది తెలియని చోట వినీరు కొన్నాళ్లకే ఊడొస్తుంది.

ఏళ్లు గడిచినా సిరామిక్ రంగు మారలేదు, ఆవకాయ పసుపు కూడా అంటలేదు. మారేది చిగురు దగ్గరి అంచు: అక్కడ సన్నని గోధుమ గీత పడుతుంది, చిగురు వెనక్కి తగ్గితే అతుకు బయటపడుతుంది. రోజూ ఫ్లాస్, ఆర్నెల్లకోసారి క్లీనింగ్ తప్పవు. చెరకు, గట్టి జంతికలు, బొక్కలు ముందు పళ్లతో కొరకడం మానాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే నైట్‌గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) లేకుండా వినీర్ల జోలికి పోవద్దు. కాంపోజిట్ (పంటి రంగు రెసిన్ పదార్థం) వినీరు చవక, చాలావరకు ఒక్క పూటలో అయిపోతుంది, విరిగితే అక్కడికక్కడే అతుకు వేయొచ్చు. అయితే టీ, పసుపు రంగు పడుతుంది కాబట్టి అప్పుడప్పుడు పాలిష్ చేయించాలి. ఇరవై ఏళ్ల వయసులో ఉన్నవాళ్లకు ముందు ఇదే మేలంటాను. సిరామిక్ కూడా జీవితాంతం ఉండదు, మార్చిన ప్రతిసారీ పన్ను మరికొంత పోతుంది.

పుచ్చు లేని, గట్టిగా ఉన్న ముందు పళ్లకు మచ్చల కోసం క్యాపులు వేస్తామంటే ఒప్పుకోవద్దు. క్యాపుకు పన్ను చుట్టూ మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర దాకా పోతుంది, కొన్నిసార్లు రూట్‌కెనాల్ దాకా వెళ్తుంది. ఎన్ని పళ్లు, ఎంత అరుగుడు, ఏ పదార్థం అన్నది కాగితం మీద రాయించుకోండి. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే ముందు ఆ వైద్యం. పళ్లు వంకరగా ఉంటే వాటిని అరగదీసి వరసలో పెట్టే బదులు క్లిప్పులు వేయించుకోవడం మంచిది. బ్యూటీ పార్లర్లలో చేసే వైట్‌నింగ్‌కి దూరంగా ఉండండి, ఇది డెంటల్ కౌన్సిల్‌లో నమోదైన వైద్యులు చేయాల్సిన పని.

ఇంట్లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలుండి ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే ఆ నీళ్లు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టర్‌తో చాలావరకు తగ్గుతుంది.