ఫోన్‌లో నిఘంటువు: కుదించిన ఫైలు మేలా, కుదించనిది మేలా?

కడపలో సి.పి. బ్రౌన్ బంగళా ఉండిన స్థలంలోనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తున్నది. 1852లో ఆయన ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వంటి గ్రంథాన్ని, సిగ్నల్ అందని పల్లెలో చదువుకునే పిల్లలకు సైతం పనికివచ్చేలా, నెట్ అక్కరలేని ఆండ్రాయిడ్ యాప్‌గా తయారుచేయదలచినవారు పాఠాన్ని జిప్ పద్ధతిలో కుదించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

కుదింపుకు అనుకూలమైన కారణం మన లిపి సంకేతాల్లోనే ఉంది. అక్షరాలను కంప్యూటర్ బైట్లుగా దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘కడప’ అని రాస్తే 9 బైట్లవుతుంది. ఆ మూడు అక్షరాలకూ మొదటి రెండేసి బైట్లు ఒకటే. పదేపదే వచ్చేదాన్ని పట్టుకుని క్లుప్తం చేయడమే జిప్‌లోని డిఫ్లేట్ పని కనుక తెలుగు పాఠం బాగా తగ్గుతుంది. ప్లే స్టోర్ ఎలాగూ డౌన్‌లోడ్‌ను తానే కుదించి పంపుతుంది గాని, బ్లూటూత్‌లో ఒకరికొకరు పంపుకునేచోట ఈ తగ్గుదల నిజంగా అక్కరకొస్తుంది.

ఫోన్‌లోకి చేరాక లెక్క మారుతుంది. మొత్తం ఒకే డిఫ్లేట్ ప్రవాహంగా కుదిస్తే దాన్ని నడిమధ్య నుంచి విప్పలేము. ‘హ’కారంలోని మాట కావాలన్నా ‘అ’కారం నుంచి విప్పుకుంటూ రావలసిందే. పోనీ, మొదటిసారి తెరిచినప్పుడే అంతా విప్పి దాచుకుందామంటే, ప్యాకేజీలో కుదించిన ప్రతి, బయట విప్పిన ప్రతి, రెండూ ఫోన్‌లోనే ఉండిపోయి, స్థలం ఆదా కాకపోగా మరింత ఖర్చవుతుంది. కుదించని ఫైలునైతే మెమరీ మ్యాపింగ్‌తో, అంటే అంతా ఒకేసారి చదవకుండా కావలసిన భాగాన్నే తెచ్చుకునే పద్ధతిలో, తెరవవచ్చు. వెదికిన మాట ఉన్న పేజీలే (ఫైలులోని చిన్న భాగాలే) ర్యామ్‌లోకి వస్తాయి, ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ వాటిని వదిలించుకోగలదు. ర్యామ్ తక్కువగా ఉండే చవక ఫోన్లకు ఇది చిన్న మేలు కాదు.

ఈ రెంటికంటే నాకు నచ్చేది నిఘంటువు ఫైళ్లను కుదించే డిక్ట్‌జిప్ అనే పనిముట్టు అనుసరించిన దారి: పాఠాన్ని ముక్కలు చేసి, దేనికది కుదించి, ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికను జతచేయడం. డిఫ్లేట్ వెనక్కి చూడగలిగేది 32 కేబీ వరకే కాబట్టి, ముక్క అంతకు కాస్త పెద్దదిగా ఉంటే కుదింపులో పెద్దగా నష్టపోము; ఒక మాట అర్థం చూపడానికి ఒకటి రెండు ముక్కలు విప్పితే సరిపోతుంది. ఆరోపాల (అర్థం ఇవ్వడానికి ఎత్తుకున్న తలమాటల) సూచికను మాత్రం కుదించరాదు, ఎందుకంటే వెదుకులాట అంతా అందులో ముందుకూ వెనక్కూ దూకుతూ సాగుతుంది. ఉచ్చారణ వినిపించే ఎంపీ3లు, బొమ్మల జేపెగ్‌లు ముందే కుదించినవి. వాటిని మళ్లీ కుదించినా ఒరిగేది లేదు.

అయితే మన సొంత పొడిగింపు (ఫైలు పేరులో చుక్క తరువాతి భాగం) గల ఫైలును, యాప్ ప్యాకేజీని కట్టే ఆండ్రాయిడ్ బిల్డ్ పనిముట్లు ముందే కుదించినదిగా గుర్తించవు. బిల్డ్ ఫైలులోని ‘నోకంప్రెస్’ జాబితాలో ఆ పొడిగింపును చేర్చకపోతే, శ్రమపడి ముక్కలుగా కుదించిన ఫైలునే అవి మొత్తంగా మళ్లీ కుదించి, కావలసినచోట తెరిచే వీలును పోగొడతాయి.